అసిరమ్మ నూతిగట్టు

నవ్వుకుంటూ మీ గుమ్మం ఎక్కినవాళ్ళని చేతులారా వెనక్కి పంపెయ్యగలరా, పిల్లలూ? ఏదీ, గుండె మీద చెయ్యేసి చెప్పండి. అసిరమ్మ పంపేసింది.

అనగా అనగా, ఊరు అయిపోయాక ఇంకాస్త నడిస్తే అసిరమ్మ పాక. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఉన్నదల్లా ఒక నుయ్యి. దానికి ఎగువన మొగలిపొదల గుంట. రాలిన ఆకంతా అందులో కుళ్ళి నల్లటి బురదయ్యేది. ఆ బురదలోంచి ఊరిన నీళ్ళే నూతిలోకి వచ్చేవి, ఎర్రగా, వాసనేస్తూ.

"ఏటే అసిరమ్మా, నుయ్యి నిండా టీ కాసీసినావేటి?" అని నవ్వుతూ ఆడవాళ్ళు దాటిపోయేవారు. ఒక్కరూ ఆగేవారు కాదు.

అప్పుడు అసిరమ్మ కొత్త చేద కొంది. ఎవరూ రాలేదు. ఆ తర్వాత గట్టు మీద బెల్లం ముక్కలు పెట్టింది. చీమలొచ్చాయి. అప్పుడు గునపం పట్టి, వేసవంతా ఆ నల్లబురదని తవ్వి, తట్టలకెత్తి పారబోసింది.

వానలు పడ్డాక నూతిలో నీళ్ళు అద్దంలా మెరిశాయి.

ఇంకేం! గట్టు నిండా బిందెలు, కబుర్లు, పోట్లాటలు. నూకరత్నం అనే చిన్నపిల్లయితే "మామ్మా, జడెయ్యవా" అంటూ అసిరమ్మ ఒళ్ళోనే కూర్చునేది.

ఆ తర్వాత నూకరత్నానికి కడుపునొప్పి పట్టుకుంది. చిగుళ్ళ మీద నీలం గీత పడింది. అప్పుడు నీళ్ళు పరీక్ష చేసే అమ్మాయి వచ్చి అసిరమ్మని పక్కకి పిలిచింది.

"మామ్మా, ఆ పిల్ల చిగుళ్ళ మీది గీత సీసం విషానిది. ఆ ఎగువన బ్యాటరీలు పగలగొట్టేవారా?"

పగలగొట్టేవారు, ఎప్పుడో పాత బ్యాటరీల వ్యాపారులు. సీసం కరిగించి, అమ్ముకుని, చేతులు దులుపుకుని పోయారు. నేలలోకి దిగిన సీసం మాత్రం ఎక్కడికీ పోలేదు.

"కుళ్ళిన ఆకుకి కనపడని చేతులుంటాయి మామ్మా. సీసం ఇటు రాకుండా అవే పట్టుకున్నాయి. ఆ చేతుల్నే నువ్వు తవ్వి పారేశావు."

"ఓలమ్మో! మళ్ళీ ఆకు పోసేస్తే?"

"చేతులు మొలవడానికి ఏళ్ళు పడుతుంది. అప్పుడైనా కొంత సీసం ఆ ఎర్రరంగుతోపాటే నూతిలోకి జారుతుంది. ఈ నీళ్ళు ఇంకెవరూ తాగకూడదు. నువ్వు కూడా."

తెల్లారింది. బిందెలొచ్చాయి. అసిరమ్మ నూతి మీద ముళ్ళకంప పరిచి, అడ్డంగా నిలబడింది. "విషం తల్లీ, పొండి" అంది.

"నీళ్ళు తేటబడ్డాక దీనికి పొగరెక్కీసింది!" అని ఒకావిడ మూతి తిప్పింది. పరీక్ష చేసినమ్మాయి నచ్చజెప్పాక అందరూ చెరువు దారి పట్టారు.

ఆ తర్వాత అసిరమ్మ రోజూ ఆకులు ఏరి గుంటలో పోసేది. నూకరత్నం లేచి ఆడుకుంటోందని మేకలు కాసేవాడు చెబితే, ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తింది. సాయంత్రాలు జడ దువ్వెన పక్కన పెట్టుకుని గట్టు మీద కూర్చునేది.

తాగే నీళ్ళు లేని నూతికి ఎవరొస్తారు?

కథ చేరింది నూతిగట్టుకి,
నిద్ర చేరాలి మీ కంటికి,
పాత బ్యాటరీ పోకూడదు మట్టికి,
రేపు బిందె లేకుండానే వెళ్ళండి ఒంటరి ఇంటికి!