నెమలికంఠం రంగు జీను

అమ్మలారా, అయ్యలారా, వెనక నిలబడ్డవాళ్ళు కొంచెం ముందుకొచ్చి కూర్చోండి. కోనమ్మ తల్లికి మనసులోనే ఒక దండం పెట్టుకోండి, నేనూ పెట్టుకుంటాను. ఈ కథ ఆ తల్లి కొండ మీద జరిగింది, ఆ తల్లి నైవేద్యం కోసం జరిగింది. జంతువుల కథే. వింటుంటే మీ వీధిలో ఎవరైనా గుర్తొస్తే ఆ పాపం నాది మాత్రం కాదు.

మామిళ్ళకోనలో జంతువులన్నీ ఏటా శ్రావణంలో ఒకరోజు పొద్దున్నే లేచి బూరెలు, కుడుములు వండుతాయి. వెదురు బుట్టలో సర్ది, పైన అరిటాకు కప్పి, నారతో కట్టి కొండెక్కిస్తాయి. పొద్దు నడినెత్తికి రాకముందే ఆ బుట్ట తల్లి ముందుండాలి. అప్పుడుగానీ ఎవరూ పచ్చి గంగ ముట్టరు. కొండదారి నిటారుగా ఉంటుంది, ఒక పక్కంతా లోయ.

ఆ దారిలో తొమ్మిదేళ్ళుగా బుట్ట మోస్తున్నది మంకెనమ్మ. జేగురు రంగు ఆడగుర్రం. మనిషైతే ఈపాటికి మనవల్నెత్తుకునే వయసు. దాని మీద కూర్చుని బుట్ట ఒడిలో పట్టుకునేవాడు పోలప్ప, కొండముచ్చు. ఇద్దరూ అక్కాతమ్ముళ్ళలా ఉండేవాళ్ళు. మంకెనమ్మ చెవి ఎటు తిరిగితే దానికేం కావాలో పోలప్పకి తెలిసేది.

జీను కింద పరిచే బొంత ఒకటుండేది. అది చూస్తే మీకు నవ్వొస్తుంది. ఎరుపు పక్కన పసుపు, పసుపు పక్కన గళ్ళు, మధ్యలో గొర్రెబొచ్చు. అడవిలో ఎవరింట ఏ కష్టం తీరినా తల్లికి మొక్కుగా ఒక పీలిక తెచ్చి ఆ బొంతకి కుట్టేవాళ్ళు. గొర్రె బిడ్డ తోడేలు నోట్లోంచి బయటపడితే ఒక పీలిక. కుందేలుకి కాలు అతికితే ఒక పీలిక. అలా తొమ్మిదేళ్ళ మొక్కులు మంకెనమ్మ వీపు మీదెక్కి కొండకి పోయేవి. ఆ బరువు దానికి బరువనిపించేది కాదు.

ఆ ఏడు పండుగ ఇంకా వారం ఉందనగా పట్నం నుంచి సింగారయ్య దిగాడు. నక్క. దిగినవాడు ఇంటికైనా పోకుండా నేరుగా మంకెనమ్మ పాక ముందు నిలబడి, తల ఓ పక్కకి వంచి, గిట్టల నుంచి చెవుల దాకా చూశాడు.

"వదినా, ఎన్నాళ్ళ నుంచి ఇలా తిరుగుతున్నావు?"

"ఎలా?"

"ఇలాగే. జీను గోధుమ రంగు, పగ్గాలు నలుపు, పైన కూర్చునేవాడి తలగుడ్డ ఎరుపు. ఆ బొంత సంగతి నేనెత్తను. పట్నంలో ఇలా వీధిలోకొస్తే కుక్కలు కూడా మొరగవు, మొహం తిప్పుకుంటాయి."

"పట్నంలో నాకేం పని నాయనా? నాకు కొండ మీద పని."

"అలాగంటే ఎలా? నేను గుర్రప్పందేల మైదానం వెనక పదిహేను రోజులు మకాం పెట్టి చూశాను. అక్కడ జీను కింద గుడ్డ ఏ రంగో, ఎక్కినవాడి చొక్కా ఆ రంగు. పగ్గాలు ఆ రంగు. కాళ్ళ పట్టీలు ఆ రంగు. గుర్రం చెవులకి తొడిగే టోపీ కూడా ఆ రంగే. దాన్ని మాచింగ్ అంటారు."

పాక మీద కూర్చున్న గోరింక కిందికి వంగింది. "అక్కడి గుర్రాల చెవులకి చలేస్తుందా మావయ్యా?"

"నీకు చెప్పినా అర్థం కాదులే," అని సింగారయ్య అక్కణ్ణుంచి కదిలాడు. పోతూ పోతూ పండుగ వంటలకి బియ్యం, బెల్లం దాచిన చోట ఆగి, ముక్కు పైకెత్తి ఒకసారి వాసన చూశాడు. మంకెనమ్మ అది గమనించింది.

మర్నాడే పంచాయితీ. అడవికి పెద్ద దంతులయ్య, ఏనుగు. మంచివాడే గానీ, పక్క కోనవాళ్ళు ఏమనుకుంటారో అన్న బెంగ ఆయనకి జాస్తి. సింగారయ్య సరిగ్గా ఆ నరమే పట్టుకున్నాడు.

"పెద్దయ్యా, తల్లి దగ్గరికి మనం పోయే తీరు ఇదేనా? పక్క కోనవాళ్ళు పోయినేడు చెట్ల చాటు నుంచి చూసి నవ్వుకున్నారట."

దంతులయ్య చెవులు ఆగిపోయాయి. "నవ్వారా?"

"నా నోటితో చెప్పలేను. అందుకే నా సొంత శ్రమతో అన్నీ కుట్టించి తెచ్చాను. కిందనుంచి పైదాకా నెమలికంఠం రంగు."

మూట విప్పాడు. నిజం చెప్పాలి కదా, బట్ట తళతళలాడింది. జీను గుడ్డ, పగ్గాలు, టోపీ, పట్టీలు, చొక్కా, జోళ్ళు, అన్నీ ఒకే నీలిపచ్చ. గొర్రెలు ముందుకు తోసుకొచ్చాయి. కుందేలు ఒక కొస చేత్తో పట్టుకుని వదల్లేదు.

"బావుంది," అన్నాడు దంతులయ్య. "పోలప్పకి చొక్కా తొడిగి చూపించు."

"అక్కడే వచ్చింది చిక్కు." సింగారయ్య గొంతు తగ్గించాడు, అందరికీ వినబడేటంతగా. "వాడిది బూడిద ఒళ్ళు, మాడిన మొహం. ఈ రంగు మీద ఆ మొహం పెడితే, నేను అనకూడదు గానీ, దిష్టిబొమ్మే. వదిన ఒళ్ళు జేగురు. దాని మీద నెమలికంఠం, ఆ పైన మళ్ళీ జేగురు తల ఉంటే అప్పుడు చూడాలి."

"జేగురు తల ఎక్కణ్ణుంచి తెస్తాం?"

సింగారయ్య మీసాలు సవరించుకున్నాడు.

"తేనక్కర్లేదు తాతా, మాట్లాడుతున్నది అదే," అంది గోరింక.

మంకెనమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు తెరిచి ఎరగని గుర్రం ఆ రోజు నడిమధ్యకొచ్చి నిలబడింది.

"పెద్దయ్యా, మీరంటే గౌరవం. కానీ అడుగుతాను. ఈ మొహం మాడిందని తొమ్మిదేళ్ళలో తల్లి ఎప్పుడైనా నైవేద్యం వెనక్కి పంపిందా? మూడేళ్ళ కిందట వానలో దారి తెగితే, బుట్ట తల మీద పెట్టుకుని, నన్ను పగ్గం పట్టి నడిపించినవాడు వీడు. ఆ రోజు వీడి మొహం ఏ రంగులో ఉందో ఎవరైనా చూశారా? ఇక బొంత. దాన్ని చూసి నవ్వుతున్నారు కదా, ఏ పీలిక రంగు కుదరలేదో చెప్పండి, విప్పేస్తాను. ఆ ఎర్రది విప్పనా? మీ మనవడికి జ్వరం తగ్గినప్పుడు మీరు కుట్టిందే కదా అది."

దంతులయ్య తొండంతో నేల మీద మట్టి అటూ ఇటూ జరిపాడు.

"ఈ ఒక్క ఏడాదికి కానీయమ్మా," అన్నాడు చివరికి. "పక్క కోనవాళ్ళు వస్తామని కబురు పెట్టారు."

సభ లేచింది. మంకెనమ్మ ముక్కుపుటాలు ఇంకా అదురుతున్నాయి. పోలప్ప పక్కనే నడుస్తూ బొంత మడత పెట్టి చంకలో పెట్టుకున్నాడు.

"పోనీలే అక్కా. బుట్ట కొండెక్కాలి. ఎవరి ఒడిలో ఎక్కితేనేం?"

"నీకు రోషం లేదురా?"

"లేకేం, ఉంది. పండుగ పూట ఎందుకని దాచాను."

"దాచు, దాచు. నాది దాగదు. తల్లి ఎదుట నిలబడి నీ తమ్ముణ్ణి ఏం చేశావని నన్ను నేనే అడుక్కోవాలి. ఏం చెప్పుకోను?"

మంకెనమ్మ ఆ పూట గడ్డి ముట్టలేదు.

పండుగ రోజు రానే వచ్చింది. సింగారయ్య మంకెనమ్మ చెవులకి టోపీ తొడిగాడు, కాళ్ళకి పట్టీలు చుట్టాడు. జీను వేసి, పొట్ట కింద నుంచి తోలు పట్టీ తిప్పి బిగించాడు. తోలు రంగు కుదరలేదని, దాని మీద నుంచి నెమలికంఠం పట్టు గుడ్డ చుట్టి, పక్కన ఏడు రేకుల పువ్వులా ముడి వేశాడు. ఆ ఒక్క ముడికే పొద్దు బారెడెక్కింది.

గుర్రాల సంగతి తెలిసినవాళ్ళు మీలో ఉంటే ఇక్కడ తలూపుతారు. జీను పట్టీ బిగించేటప్పుడు గుర్రం గాలి పీల్చి పొట్ట ఉబ్బిస్తుంది. కావాలని కాదు, దాని పుట్టుకే అంత. పదడుగులు నడిస్తే ఆ గాలి పోయి పట్టీ వదులవుతుంది. అప్పుడు ఇంకోసారి బిగించాలి. రోజూ జీను వేసేవాడికి ఇది అన్నం కలుపుకోవడమంత మామూలు పని.

పండుగ పూట మనసులో కసి పెట్టుకోకూడదని మంకెనమ్మ తల్లికి దండం పెట్టుకుని తనే చెప్పింది. "సింగారయ్యా, నాకు పొట్టలో గాలుంది. పదడుగులు నడిపించి పట్టీ మళ్ళీ బిగించు."

"మళ్ళీ బిగించాలంటే ముడి విప్పాలి కదా?"

"విప్పాలి."

"విప్పితే రేకులు నలుగుతాయి."

పోలప్ప దూరం నుంచే అన్నాడు. "బావా, అక్క అబద్ధం చెప్పదు. కావాలంటే నేనొచ్చి బిగిస్తాను, నువ్వు పక్కన నిలబడు."

"నీ చేతి మసి పట్టుకంటితే?" అన్నాడు సింగారయ్య. చుట్టూ ఉన్నవాళ్ళలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. పక్క కోన నుంచి వచ్చిన దుప్పులు ఆహా ఓహో అంటున్నాయి. ఆ ఆహా ఓహోల మధ్య సింగారయ్య ఎక్కి కూర్చున్నాడు. నున్నటి కొత్త జోళ్ళు, జీనుకి వేలాడే కాలి రికాబుల్లో జారుతున్నాయి. బుట్ట తెచ్చి ఒడిలో పెట్టారు.

"ముందు మేము పోతాం. మీరంతా ఒక వంపు వెనకగా రండి," అన్నాడు. "దుమ్ము లేస్తే బట్టల రంగు పోతుంది."

మంకెనమ్మ నడక మొదలుపెట్టింది. పదడుగులు కాదు, వందడుగులు అయ్యాయి. పట్టీ వదులైంది. జీను వీపు మీద అటూ ఇటూ కదలడం దానికి తెలుస్తోంది.

"సింగారయ్యా, ఇప్పటికైనా దిగి బిగించు. ముందు నిట్టెక్కుడు ఉంది."

జవాబుకి బదులు నార తెగిన చప్పుడు వచ్చింది. తర్వాత అరిటాకు చిరిగిన చప్పుడు.

"ఏం చేస్తున్నావు?"

"సర్దుతున్నాను వదినా."

నమిలే చప్పుడు వచ్చింది. మంకెనమ్మకి కళ్ళ ముందు ఎర్రగా కమ్మింది. వారం కిందట బియ్యం దగ్గర లేచిన ఆ ముక్కు, ఆ తళతళల బట్ట, మాడిన మొహమన్న మాట, అన్నీ ఈ నాలుగు బూరెల కోసమా? ఒక్కసారి ఒళ్ళు విదిల్చితే చాలు, లోయలో పడతాడు. కానీ బుట్ట కూడా పడుతుంది. అది తల్లిది. పళ్ళు బిగించి అడుగు ముందుకేసింది.

విదిల్చే పని లేకుండానే అయింది. రెండో బూరె కోసం సింగారయ్య ఒక పక్కకి వంగాడు. వదులైన జీను ఆ పక్కకే తిరిగింది. జోడు రికాబులో ఇరుక్కుంది. వాడి నడుముకి పట్టు గుడ్డ కొసలు చుట్టుకున్నాయి. కన్ను మూసి తెరిచేలోగా జీను మంకెనమ్మ పొట్ట కిందికి వచ్చేసింది, జీనుతోపాటు సింగారయ్యా తల్లకిందులుగా వేలాడాడు. బుట్ట దారి మీద పడి నిలిచింది.

పొట్ట కింద జీను తిరిగితే ఏ గుర్రమైనా బెదిరి పరిగెత్తుతుంది. మంకెనమ్మ నాలుగు కాళ్ళూ నేలలో పాతినట్టు నిలబడింది. ఒళ్ళంతా వణుకుతున్నా గిట్ట కదపలేదు. కదిపితే కింద ఉన్నవాడి తల పగులుతుంది. వాడు వెధవే, కానీ వాడికీ ప్రాణముంది.

వెనక నుంచి మేళం వచ్చింది. దంతులయ్య, గొర్రెలు, కుందేళ్ళు, పక్క కోన దుప్పులు, అందరూ వంపు తిరిగి ఆగిపోయారు.

"ఏం జరిగింది?" అన్నాడు దంతులయ్య.

సింగారయ్య చెప్పబోయాడు. ఎన్నో అబద్ధాలు తయారుగా ఉండి ఉంటాయి పాపం. కానీ నోటి నిండా బూరె. తల్లకిందులుగా ఉన్నవాడికి మింగుడు పడదు, ఉమ్మేస్తే అందరి ముందూ బయటపడుతుంది. బుగ్గలు ఉబ్బించి గుడ్లు తిప్పాడు. మూతి నుంచి బెల్లప్పాకం కళ్ళలోకి కారుతోంది.

"మాచింగ్ మావయ్య ఏదో చెబుతున్నాడు, వినండి," అంది గోరింక.

ఎవరూ నవ్వలేదు. తెగిన నార, చిరిగిన అరిటాకు, సగం కొరికిన బూరె అందరికీ కనబడుతున్నాయి. తల్లి బుట్ట ఎంగిలైపోయింది. ముసలి గొర్రె ఒకటి అక్కడే కూలబడి ఏడుపు లంకించుకుంది.

పోలప్ప వచ్చి మంకెనమ్మ మెడ నిమిరి, పట్టు ముడిని ఒక్క కొరుకుతో తెంపి, పట్టీ వదిలాడు. సింగారయ్య దబ్బున కింద పడ్డాడు.

మంకెనమ్మ దంతులయ్య వైపు తిరిగింది. "వాడి తప్పు వాడిది. తీర్పు మీది. తొమ్మిదేళ్ళ చేతిని పక్కన పెట్టి ఒంటి రంగు చూసి పీట వేశారు. తల్లికి ఇప్పుడేం పెడతారో మీరే చెప్పండి. పొద్దు నడినెత్తికి వస్తోంది."

దంతులయ్య తల వంచాడు. పక్క కోన దుప్పులు చూస్తున్నాయని కూడా చూసుకోలేదు. "నాది తప్పే తల్లీ," అని లోయ అంచుకి వెళ్ళి, తొండం చాచి, ఎవరికీ అందని చోట పండిన అడవి అరటిగెల ఒకటి విరిచి తెచ్చాడు. మోకాళ్ళ మీద వంగి దాన్ని పోలప్ప చేతికిచ్చాడు. "తమ్ముడూ, నిన్ను వద్దన్న నోటితోనే అడుగుతున్నాను. వేళ మించకుండా చేర్చు."

పోలప్ప వెంట తెచ్చిన బొంత పరిచి జీను వేశాడు, పట్టీ బిగించాడు, పదడుగులు నడిపించాడు, మళ్ళీ బిగించాడు. పొద్దు నెత్తికి రావడానికి చిటికెడు కాలం ఉందనగా అరటిగెల కోనమ్మ తల్లి పాదాల దగ్గరుంది. గంట మోత కొండ కిందిదాకా వినబడింది. మంకెనమ్మ అప్పుడు ఊపిరి వదిలింది.

ఎంగిలి బుట్ట చీమలకి పెట్టాలని దంతులయ్య తీర్పు చెప్పాడు. చివరి చీమ చివరి మెతుకు మోసుకుపోయేదాకా ఇంకెవరూ ముట్టకుండా కాపలా ఉండాల్సింది సింగారయ్యే. మూడు రోజులు పట్టింది. నెమలికంఠం చొక్కాలో, నెమలికంఠం జోళ్ళలో, నోట్లో ఊరే నీళ్ళు మింగుకుంటూ, తన ముందు నుంచే బూరెలు వరసగా పుట్టలోకి పోతుంటే చూస్తూ కూర్చున్నాడు.

కాబట్టి నాయనలారా, రంగు నప్పిందని ఎవరికీ పని అప్పగించకండి, పని తెలిసినవాడు ఏ రంగులో వచ్చినా ముందు వాడికే పీట వేయండి.