పుట్టకు కావలి కాసిన నక్క

కొండ కింద, నాగలి మొహం చూసి చాలా ఏళ్ళయిన ఎర్రమట్టి బీడు ఒకటి ఉండేది. ఆ బీడు మధ్యలో ఎద్దు మూపురం కంటే ఎత్తయిన చెదల పుట్ట. దూరం నుంచి చూస్తే మట్టిదిబ్బే. చలికాలం పొద్దున దాని నెత్తిమీది బొక్కల దగ్గర మొహం పెడితే మాత్రం వెచ్చటి గాలి తగిలేది. లోపల లక్షల ప్రాణాలు పనిచేస్తూ విడిచిన ఊపిరి అది. నమ్మకపోతే అక్కడి ఉడతల్ని అడగండి. చలికాలమంతా అవి ఆ బొక్కల చుట్టూ చేరి ఒళ్ళు కాచుకునేవి.

ఆ పుట్ట కట్టిన మేస్త్రులకు కళ్ళు లేవు. ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు నేను నమ్మలేదు. కళ్ళు లేవు, కొలబద్ద లేదు, అయినా లోపల గుడ్లకు వేరే గదులు, తిండికోసం బూజు పెంచుకునే తోటలు, నడిచేందుకు వసారాలు, అన్నిటికీ అడుగున రాణి గది. నీళ్ళు కావాలంటే భూమిలోకి తాటిచెట్టంత లోతు దిగి, తడిమట్టి నోట కరుచుకుని పైకొచ్చేవి. ఆ మేస్త్రులకు పెద్ద ఓబుళమ్మ, వయసు మీదపడిన చెద. పుట్టకు కాపలా ఉండే సిపాయి చెదలకు నాయకుడు కదిరప్ప. అతనికీ కళ్ళు లేవు గానీ కత్తెరలాంటి కోరలున్నాయి, వాటికి మించిన పౌరుషం ఉంది.

లోపలివాళ్ళు పైకి తెచ్చే తడి వల్ల నడివేసవిలోనూ పుట్ట చుట్టూ గడ్డి పచ్చగా ఉండేది. ఆ గడ్డికోసం మైలన్న అనే ముసలి ఎద్దు రోజూ వచ్చేవాడు. బండి లాగే వయసు దాటిందని యజమాని అతన్ని మేతకు వదిలేశాడు. మైలన్న మేసి, పుట్టకు ఒళ్ళు రుద్దుకుని, పేడ వేసి వెళ్ళేవాడు. ఆ పేడను చెదలు రెండు రోజుల్లో లోపలికి మోసుకుపోయేవి. వీళ్ళ మధ్య ఒప్పందాలేమీ లేవు. ఎన్ని తరాలుగా ఇట్లా నడుస్తోందో తలచుకుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక ఎలుగుబంటి వచ్చి పుట్ట పక్క గోడ చీల్చింది. నాలుగు వందలమంది సిపాయిలు పోయారు. మేస్త్రులు నాలుగు రోజుల్లో గోడ మళ్ళీ లేపారు గానీ, కదిరప్ప మనసులో పడిన బీట మాత్రం పూడలేదు. పైగా లోపల ఒక గదినిండా రెక్కలొచ్చిన పిల్లలున్నాయి. వాటినే మనం ఉసిళ్ళంటాం. తొలకరి పడగానే అవి ఎగిరిపోయి, బతికినవి జంటలు కట్టి కొత్త పుట్టలు పెట్టాలి. ఏడాది కష్టమంతా వాటిమీదే పెట్టారు. వాటికి ఏమన్నా అయితే ఆ పుట్ట పేరు నిలబెట్టేవాళ్ళు ఉండరు. ఎలుగు మళ్ళీ వస్తే ఏం చెయ్యాలో తెలియక కదిరప్ప తిండి మానేశాడు.

సరిగ్గా అప్పుడు నక్క చెంగయ్య పరామర్శకు వచ్చాడు. పోయినవాళ్ళ కోసం కాసేపు ముక్కు చీదాడు. ఆ తర్వాత అసలు మాటలోకి దిగాడు.

"ఎవురికోసం కట్నారప్పా ఇంత పుట్ట? ఎద్దు మీ గడ్డి మేస్తాది. ఉడతలు మీ వెచ్చదనంలో కునుకు తీస్తాయి. పక్షులు మీ పిల్లోళ్ళను తింటాయి. వాళ్ళు మీకేమిచ్చినారు చెప్పు?"

కదిరప్ప ఆలోచించాడు. ఒక్కటీ తట్టలేదు.

"బొక్కలన్నీ పూడ్చేయండి. ఎవురినీ దగ్గరకు రానీయొద్దు. కింద ఒక్క వాకిలి చాలు. ఆ వాకిట్లో నేను కూసుంటా. నా వాసన పడితే ఎలుగు ఈ దిక్కుకే రాదు."

జీతం ఏమడుగుతావంటే, స్నేహానికి జీతమేమిటని చెంగయ్య నొచ్చుకున్నాడు. ఆ నొచ్చుకోవడం చూసి కదిరప్ప కరిగిపోయాడు.

ఓబుళమ్మ ఒప్పుకోలేదు. ఆ బొక్కలు తన అమ్మమ్మ కాలం నుంచీ ఉన్నాయంది. ఎందుకున్నాయని కదిరప్ప నిలదీశాడు. ఆమె చేతులకు పని తెలుసు గానీ నోటికి వాదన తెలియదు. చెప్పలేకపోయింది. బొక్కలుండబట్టే ఎలుగుకు వాసన తగిలిందని కదిరప్ప గట్టిగా అన్నాక మిగతా మేస్త్రులు తలలు దించుకుని పూడ్చడం మొదలుపెట్టారు. పేడకోసం, ఎండుపుల్లల కోసం బయటికి వెళ్ళే దారులు కూడా మూసేశారు.

పది రోజులు గడిచాయి. ఎలుగు రాలేదు, అది నిజమే. కానీ లోపల గాలి బరువెక్కింది. బూజు తోటలు పులిసిపోయాయి. ఉసిళ్ళ రెక్కలు తడిసిన కాగితాల్లా ఒకదానికొకటి అంటుకుంటున్నాయి. రాణి గదిలో గుడ్లు మోసే చెదలు దారి మధ్యలోనే కూలబడుతున్నాయి. పైకి తడిమట్టి రాక పుట్ట చుట్టూ గడ్డి మాడిపోయింది. కదిరప్ప మాత్రం భద్రతకు కొంచెం ఉక్కపోత తప్పదని అందరికీ నచ్చజెబుతూ తిరిగాడు.

మైలన్న గడ్డికోసం వచ్చి ఎండిన దుబ్బుల మధ్య నిలబడిపోయాడు. పుట్టకు ఒళ్ళు ఆనించి చూశాడు. ఎప్పుడూ ఉండే మెత్తటి సవ్వడి లేదు. ఆ ఎద్దుకు దుఃఖం ముంచుకొచ్చింది. అంత పెద్దది, తను లేగదూడగా ఉన్నప్పటి నుంచీ ఊపిరి తీస్తూనే ఉన్నది, ఇట్లా మౌనంగా ఎందుకైపోయిందో అతనికి అర్థం కాలేదు. చెంగయ్యను అడిగితే లోపల అంతా కులాసా అన్నాడు. మైలన్న పక్కనే మోకాళ్ళు మడిచి కూర్చుని, నెమరు వేస్తూ నక్కను చూడసాగాడు. రెండు రోజులు చూశాడు.

మూడోరోజు చెంగయ్య నీళ్ళు తాగడానికి వాగుకు వెళ్ళగానే మైలన్న వాకిట్లో మూతి పెట్టి కదిరప్పను పిలిచాడు.

"కదిరప్పా, నాకు తెలివి తక్కువ. ఒక మాట అడుగుతా, కోపం చేసుకోవద్దు. నేను బండి కట్టుకుని చానా ఊర్లు తిరిగినాను. యాడ చూసినా కావలోడు ఇంటికి వీపు పెట్టి కూసుంటాడు. మీవోడు ఇంట్లోకి మొగం పెట్టి కూసుండాడేం?"

చెంగయ్య ఎటు తిరిగి కూర్చున్నాడో చూడటానికి కదిరప్పకు కళ్ళు లేవు. అయితే ఇన్ని రోజులుగా వాకిట్లోంచి ఒక వేడిగాలి ఆగి ఆగి లోపలికి వస్తోంది. అది బయటి వడగాలి అనుకున్నాడు. ఇప్పుడు లెక్క కుదిరింది. అది నక్క నోటిగాలి.

"నోరు తెరుచుకునే ఉండాడా?" అని అడిగాడు.

"నాలుక కూడా చాపి పెట్టినాడు. వాకిలి ముందర గడ్డం ఆనించుకునేదానికి గుంత తవ్వుకున్నాడు."

తొలకరి రోజు లక్ష ఉసిళ్ళు ఆ ఒక్క వాకిట్లోంచే లేస్తాయి. కదిరప్ప పౌరుషమంతా పక్కనబెట్టి ఓబుళమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఎలుగు చంపింది నాలుగు వందలమందిని, నేను లక్షమందిని నక్క నోటికి అందించబోయానని చెప్పుకున్నాడు. ఆమె ఎత్తిపొడవలేదు. అతని కోరలను తన మీసాలతో ఒకసారి తడిమింది.

"ముందర ఊపిరి కానీ కదిరప్పా. ఏడుపు తర్వాత," అంది.

ఆ పూటే నెత్తిమీది బొక్కలు తెరిచారు. కింద వాకిట్లోనే కళ్ళు పెట్టుకున్న చెంగయ్య పైకి చూడలేదు. కొత్తగాలి లోపలికి దిగుతుంటే కూలబడినవి ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయట. ఆ తర్వాత మేస్త్రులు పుట్ట నుంచి బీడు అంచుల దాకా నేల కింద దారులు తవ్వారు. పైన మాత్రం ఉల్లిపొరంత మట్టి వదిలారు. కళ్ళు లేని ఆ చేతులకు ఆ పొర మందం ఎట్లా తెలిసిందో అడక్కండి, నాకు తెలియదు. కదిరప్ప తన సిపాయిల్లో గట్టివాళ్ళను ఏరి వాకిలి దగ్గర పెట్టుకున్నాడు.

బొక్కలు తెరిచిన నాలుగో రోజు మధ్యాహ్నం కొండమీద ఉరిమి వాన పడింది. వెలిసిన కాసేపటికి చెంగయ్య గుంతలో గడ్డం ఆనించి, నోరు బార్లా తెరిచాడు. లోపల రెక్కల చప్పుడు మొదలైంది. కళ్ళు మూసుకున్నాడు.

నేల పొర పగిలింది.

ఒక చోట కాదు, బీడంతా పగిలింది. ఎర్రమట్టిలోంచి ఉసిళ్ళు పొగలాగా లేచాయి. ఎండలో వాటి రెక్కలు మెరుస్తుంటే ఆకాశం ఎక్కడ మొదలవుతుందో తెలియలేదు. పిట్టలు వచ్చాయి, కప్పలు వచ్చాయి, ఉడతలు వచ్చాయి, దూరాన ఆ ఎలుగుబంటి కూడా వచ్చి కూర్చుంది. అందరూ తిన్నారు. కడుపులు నిండిన పిట్టలు ముక్కులు మూసుకుని, ఇక చాలని కొమ్మలమీద వాలిపోయాయి. ఉసిళ్ళు లేస్తూనే ఉన్నాయి. ఓబుళమ్మ అమ్మమ్మల లెక్క అది. అడిగినవాళ్ళందరికీ పెట్టినా తరగనన్ని పంపాలి, అన్ని దిక్కులకూ పంపాలి.

చెంగయ్య నోట్లోకి వచ్చినవి మాత్రం ఉసిళ్ళు కావు. కదిరప్ప, అతని వెనక మూడు వందలమంది సిపాయిలు. ఒక్కొక్కరూ నాలుకమీద ఒక్కో చోటు చూసుకుని కరిచి పట్టారు. నోరు మూస్తే నొప్పి, తెరిస్తే నొప్పి. నాలుకను రాళ్ళకేసి రుద్దుకుంటూ చెంగయ్య కొండెక్కేశాడు. ఆ తర్వాత ఆ బీడులో అతను మళ్ళీ కనిపించలేదు.

ఆ రుద్దుడులో జారి నేలమీద పడ్డ కదిరప్పకు ఒక కోర విరిగింది. మైలన్న అడుగుల వాసన పట్టుకుని పాక్కుంటూ వచ్చాడు.

"అన్నా, నాకు కనపడదు. ఎంతమంది దాటినారు? మా పిల్లోళ్ళు మిగిలినారా?"

మైలన్న కళ్ళు నేలమీదే ఉన్నాయి. తడిమట్టి నిండా రెక్కలు రాల్చిన జంటలు, ఒకదాని వెనక ఒకటి, చోటు వెతుక్కుంటూ నడుస్తున్నాయి. అతని నాలుగు గిట్టల చుట్టూ అవే. కొన్ని అప్పుడే మన్ను తొలవడం మొదలుపెట్టాయి.

"వాన నిలిచినప్పట్నించీ కాలు ఎత్తలేదు కదిరప్పా," అన్నాడు ఎద్దు, గొంతు తగ్గించి. "యాడ పెట్టినా మీ పిల్లోళ్ళే."

ఆ జంటలన్నీ మట్టిలోకి దిగేదాకా మైలన్న అక్కడే, ఈగలను కూడా తోలుకోకుండా నిలబడ్డాడు.

నీతి: చుట్టుపక్కలవాళ్ళకు తలుపులు మూసుకున్న సంస్థకు చివరికి మిగిలేది వాకిట్లో నోరు తెరిచి కూర్చున్నవాడే.