పొర విడిచే వేళ

ఎవరు ఏమడిగినా వెంటనే బదులు చెప్పే అలవాటు విరూపాక్ష గురువుగారికి లేదు. శిష్యుడు నరహరి అడిగినప్పుడూ అంతే. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆశ్రమంలోని పసిపిల్లలను ఒక గంటసేపు ఎవరూ పలకరించకూడదు, ఏమీ నేర్పకూడదు అని ఆయన పెట్టిన నియమం నరహరికి మొదటినుంచీ మింగుడుపడలేదు. రోజుకో గంట అలా గాలికి పోతే పిల్లలకు ఒరిగేదేమిటని మర్యాదగానే అడిగాడు. అడగడం ఇప్పుడు అడిగాడు గాని, తన ఐదేళ్ల కూతురు అలివేలు విషయంలో ఆ నియమాన్ని ఏనాడో అటకెక్కించాడు. తల్లిలేని పిల్ల. ఆ గంటలోనే గదిలో కూర్చోబెట్టి వల్లె వేయించేవాడు. మూడువందల శ్లోకాలు వచ్చాయని మురిసిపోయేవాడు. ఈమధ్య ఆ పిల్ల శ్లోకాలు తప్ప మరో మాట మాట్లాడటం లేదు. అది గమనించాడు, భయపడ్డాడు, ఆ భయంకొద్దీ ఇంకో పది శ్లోకాలు ఎక్కించాడు.

గురువుగారు జవాబు చెప్పకుండా ఒక వెదురు తట్ట చేతికిచ్చారు. నిండా పట్టుపురుగులు. కొండకింద పురుగులు పెంచే పాపక్క తెచ్చిన తట్ట అది. నాలుగు రోజులు సాకమన్నారు, అంతే. పాపక్క మాత్రం వెళ్తూ వెళ్తూ ఒక మాట చెప్పింది.

"తినేది మాని, తలెత్తుకోని గమ్మున ఉంటాయి సామీ. అప్పుడు ఆకెయ్యొద్దు, ముట్టొద్దు. ఒక రోజంతా వాటి మానాన వదిలెయ్."

రెండు రోజులు పురుగులు వాన పడుతున్నట్టు చప్పుడు చేస్తూ తిన్నాయి. మూడోనాడు పొద్దున చూస్తే ఒక్కటీ ఆకు ముట్టలేదు. తలలెత్తి కదలకుండా ఉన్నాయి. పాపక్క మాట నరహరికి గుర్తుంది. కానీ తిండి మానిన ప్రాణిని చూస్తూ ఊరుకోవడం అతనికి చేతకాలేదు. తన చేతుల్లో చస్తేనో? లేత మల్బరీ ఆకు సన్నగా తరిగి పైన కప్పాడు. వేలితో తట్టి చూశాడు. చివరికి ఒక్కొక్కదాన్నే ఎత్తి పచ్చటి ఆకుమీద పెట్టాడు. పొద్దుగూకేదాకా అదే పని. పాపం, తనూ అన్నం తినలేదు.

మర్నాడు మధ్యాహ్నం పాపక్క వచ్చి తట్ట చూసి నెత్తిన చేయి పెట్టుకుంది. సగానికి పైగా చచ్చాయి. మిగిలినవి ఒంటిమీది పాత పొర సగమే వదిలి, అందులోనే ఇరుక్కుని మెలికలు తిరుగుతున్నాయి. అలా కదలకుండా ఉన్నప్పుడే అవి కాళ్లతో ఆకును గట్టిగా పట్టుకుని పొర విడుస్తాయనీ, ఆ పట్టు తప్పిస్తే ఇక పొర ఊడదనీ ఆమె చెప్పింది. ఆమె అతన్ని తిట్టలేదు. తిట్టి ఉంటే అతనికి కాస్త తేలికగా ఉండేది.

నరహరి తట్ట తీసుకుని గురువుగారి ముందు నిలబడ్డాడు.

"ఊరికే ఉన్నాయనుకున్నాను స్వామీ," అన్నాడు.

ఆయన తట్ట వైపు చూడలేదు. అప్పుడు నరహరికి వినిపించింది. వెనక గదిలో అలివేలు ఒక్కతే శ్లోకాలు చదువుతోంది. తాను తిరిగి వచ్చేదాకా ఆపొద్దని చెప్పి వచ్చింది అతనే. ఆ గొంతు ఎక్కడా హెచ్చకుండా, తగ్గకుండా సాగుతోంది. తన బిడ్డ మళ్లీ మామూలుగా మాట్లాడుతుందా అని అడిగాడు. కళ్లనీళ్లు ఆగలేదు.

గురువుగారు అతని చేతిలోని తట్ట అందుకుని పక్కన పెట్టారు.

"పురుగుల సంగతి పాపక్కకు తెలుసు. బిడ్డ సంగతి నాకూ తెలియదు నాయనా. వెళ్లి, ఇక చాలని చెప్పు. చెప్పి, తలుపు దగ్గరగా వేసి వచ్చెయ్."