చుక్కమ్మ దాచుకున్న భయం

ఆ ఏడు మా ఏటికి వచ్చింది వరద కాదు బాబూ, సముద్రమే చుట్టపుచూపుగా వచ్చింది! తాటిచెట్టు కొసన కూర్చుని కాళ్లు కడుక్కున్నాను నేను. కొట్టుకుపోతున్న గడ్డివామును ఒంటిచేత్తో ఆపాను. సరే, నా ఘనతకేంగానీ, ఆ వరదలో ఒక తల్లిబాతు పోయింది. పిల్లలు ఒడ్డున పడ్డాయి. పొదుగుతున్న గుడ్లన్నీ అదే వరదలో పోగొట్టుకున్న చుక్కమ్మ అనే కోడి వాటిని తన రెక్కల కిందికి లాక్కుంది.

పెంపకం బాగానే సాగింది. ఒక్కటే చిక్కు. నీళ్లు కనబడితే చాలు, బాతుపిల్లలు గజగజలాడిపోయేవి. చుక్కమ్మ వాటికి చేమాకుల మీది మంచుబొట్లు తాగించేది. మడుగు కంట పడకుండా కందిచేను చుట్టూ తిప్పుకొచ్చేది. ఈత రాని బాతుపిల్ల అంటే నక్కకు వడ్డించిన విస్తరే కదా! జంబయ్య అనే నక్క రోజూ వచ్చి పరామర్శించేవాడు.

"వదినా, పసివాళ్లను నీళ్ల జోలికి పంపకు. కందిచేలోనే మేపుకో. కాపలా నేనుంటా."

"నీ కాపలా వద్దులే మరిదీ. నీ కళ్లలోకంటే నోట్లోనే ఎక్కువ నీళ్లు ఊరుతున్నాయి."

ఒక మధ్యాహ్నం పిల్లల్ని పొద నీడన పడుకోబెట్టి, చుక్కమ్మ మడుగు ఒడ్డుకు వెళ్లింది. నల్లక్క అనే బర్రె మెడదాకా మునిగి ఉంది.

"ఏమే, మళ్లీ ఏడుపేనా?"

"ఏడవక ఏం చేయను అక్కా? కథలు చెప్పాను, పాటలు పాడాను, నీళ్లు చల్లగా హాయిగా ఉంటాయని ఊరించాను. ఒక్కటీ కదలదు. వాళ్లమ్మే ఉంటే ఈపాటికి ఈదేవి. నావల్ల కాదేమో."

"హాయిగా ఉంటాయని నీకెలా తెలుసు? ఎప్పుడైనా దిగావా?"

"అమ్మో, నాకు భయం!"

"ఆ మాట వాటికి చెప్పావా?"

"చెబితే ఇంకేమన్నా ఉందా! వాటి ముందు ధైర్యంగా ఉండాలని కాదూ, ఇంత దూరం వచ్చి ఏడుస్తున్నా!"

"ఓహో, దొంగచాటు ఏడుపు! లోకంలో తమకొక్కళ్లకే భయమని అనుకుంటున్నారే ఆ పసివాళ్లు" అని నల్లక్క నీళ్లలో బుడగలు వదిలింది.

ఇంతలో కీచుకీచుమంటూ పిల్లలు పరుగెత్తుకొచ్చి చుక్కమ్మను చుట్టుకున్నాయి. వాటి వెనకే జంబయ్య. ముందు మడుగు, వెనక నక్క.

"కోడికి ఈత రాదు, పిల్లలకు ధైర్యం లేదు. ఇక నాకు తొందరేముంది వదినా?" అని జంబయ్య తాపీగా కూర్చుని మీసం దువ్వుకున్నాడు.

చుక్కమ్మకు ధైర్యం నటించే ఓపిక అయిపోయింది. "నాకూ భయమేరా!" అని పిల్లల ముందే బావురుమంది. "నా గుడ్లు కూడా ఆ నీళ్లలోనే పోయాయి."

పిల్లలు నోళ్లు తెరిచాయి. అన్నిటికంటే చిన్నది, పిసరు అనే పిల్ల, ముందుకొచ్చింది.

"అమ్మా, నీకూ భయమా?"

"చచ్చేంత."

"మరి చెప్పవేం? ఏడవకు. నేను ముందు దిగుతా. నువ్వు ఎగిరి నల్లక్క పెద్దమ్మ వీపు మీద కూర్చో."

పిసరు వణుకుతూనే నీళ్లలో కాలు పెట్టింది. మునగలేదు, తేలింది! దాని వెనకే మిగతావీ దిగాయి. చుక్కమ్మ కళ్లు గట్టిగా మూసుకుని ఎగిరి, బర్రె వీపు మీద దబ్బున పడింది.

జంబయ్య మీసం వదిలి దూకేసరికి నడుందాకా బురదలో దిగబడ్డాడు. నల్లక్క తోకతో మొహాన చెళ్లుమని ఒక్కటిచ్చింది. ఆ చప్పుడుకు పక్క జిల్లాలో పిడుగు పడిందనుకుని జనం ఇళ్లలోకి పరుగెత్తారు. అబద్ధమైతే నా చెవులు కోయండి!

"అన్యాయం! వీళ్లకు నీళ్లంటే భయం కదా!" అని నక్క ఏడుపుమొహం పెట్టాడు.

"భయం ఇంకా ఉంది బాబాయ్" అంది పిసరు, ఈదుతూనే.

ఇప్పటికీ ఉరుము ఉరిమితే ఆ పిల్లలు చుక్కమ్మ రెక్కల కింద దూరతాయి. ఒక్కోసారి చుక్కమ్మే వాటి రెక్కల కింద తల దూరుస్తుంది. జంబయ్య మాత్రం ఆ మడుగు వైపు రావడం మానేసి, ఎండ్రకాయలతో కడుపు నింపుకుంటున్నాడు.

నీతి: బెదిరిన పసివాళ్లను సాకేవాళ్లు తమ దుఃఖాన్ని దాచుకోనక్కర్లేదు, అది చూశాకే ఆ పిల్లలు ముందడుగు వేస్తారు.