మట్టి అంటని నెమలిపిల్ల

కాకరకోన అడవిలో కుందేళ్లు, ఉడుతలు, ముళ్లపందులు, నెమళ్లు కలిసి ఉండేవి. కలిసి అంటే, పోట్లాడుకుంటూ కలిసి. ఒక ఏడు ఎండలకు అడవంతా మాడిపోయింది. తినడానికి పచ్చటి ఆకు దొరక్క అందరూ నానా తిప్పలు పడ్డారు. అప్పుడు గానీ పెద్దలకు బుద్ధి రాలేదు. తమ పిల్లలకు గెంతడం తప్ప గింజ నాటడం రాదని అప్పుడు గుర్తొచ్చింది.

తొలకరి పడగానే వాగు ఒడ్డున పిల్లల తోట మొదలుపెట్టారు. నేర్పే పని ముళ్లపంది సూరమ్మకు అప్పగించారు. సూరమ్మకు ఓపిక ఎక్కువ. ఆ ఓపిక ఎందుకు కావాల్సి వచ్చిందో వినండి పిల్లలూ.

సూరమ్మ ఒక్కో పిల్లకు ఒక్కో మడి ఇచ్చింది. తోటకూర గింజలు, బెండ గింజలు చేతిలో పెట్టింది. తర్వాత తల్లిదండ్రులందర్నీ పిలిచి ఒక్క మాట చెప్పింది.

"మడిలో పని పిల్లలే చెయ్యాలి. మీరు గట్టు మీద కూర్చోండి. అంతే."

ఎంత చిన్న మాట! విన్నారా? ఎక్కడ విన్నారు! చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఒక ఉడుత తండ్రి మర్నాడే వచ్చి కొడుకు మడికి కంచె కట్టేశాడు. సూరమ్మ దాన్ని పీకించేసింది.

అందరిలోకీ నెమలి మాణిక్యమ్మతోనే పెద్ద చిక్కు. ఆవిడకు చంద్రం అని ఒక్కగానొక్క కొడుకు. వాడు ముచ్చటపడి మడిలో కాలు పెట్టబోయాడు.

"ఆగాగు! కాళ్లకు బురద అంటుతుంది" అని మాణిక్యమ్మ కేక పెట్టింది. "నువ్వు ఆ రాయి మీద కూర్చో నాన్నా. అన్నీ అమ్మ చేస్తుందిగా."

"ఒక్క గింజ వేస్తానమ్మా."

"నీకు రాదులే."

రాదనే కదమ్మా తోట పెట్టింది! వచ్చిన వాళ్లకు తోటెందుకు? ఈ మాట సూరమ్మ చెప్పి చూసింది. చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. మాణిక్యమ్మ మెడ తిప్పుకుని తన పని తాను చేసుకుపోయింది. ఆవిడే తవ్వింది, ఆవిడే నాటింది, ఆవిడే కలుపు తీసింది. మడి అద్దంలా తయారైంది. చంద్రం రాయి మీద కూర్చుని తోక సవరించుకున్నాడు.

పక్క మడి బుడంకాయది. బుడంకాయంటే కాయ కాదు, ఒక కుందేలు పిల్ల పేరు. అది మొదటిరోజే సగం గింజలు తినేసింది. మిగతావి లోతుగా పాతేసింది, ఒక్కటీ మొలవలేదు. మళ్లీ వేసి, నీళ్లు పోసీ పోసీ కుళ్లబెట్టింది. మళ్లీ వేసింది. ఈసారి మొలకలు వచ్చాయి. హమ్మయ్య అనుకునేలోగా, కలుపు అనుకుని ఆ మొలకలనే పీకి పారేసింది!

సూరమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది. ఒంటి మీద ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి. అయినా మడిలో కాలు పెట్టలేదు.

"నువ్వు పీకింది పట్టుకుని చూడు. వదిలేసింది కూడా పట్టుకుని చూడు. తేడా తెలిసిందా?" అని మాత్రం అడిగింది.

బుడంకాయ రెండింటినీ నలిపింది, కొరికింది, వాసన చూసింది. "తెలిసిందత్తా!" అంది. మళ్లీ గింజలు వేసింది. వంకరటింకరగా ఉన్న ఆ మడిని చూసి మాణిక్యమ్మ పకపకా నవ్వింది.

"ఇది మడా, పందులు పొర్లిన గుంటా?" అంది.

వానలు బాగా పట్టాయి. మాణిక్యమ్మ గుబురు పొదలో మళ్లీ గుడ్లు పెట్టి పొదగడానికి కూర్చుంది. ఇక లేవడానికి వీల్లేదు. లేస్తే గుడ్లు చల్లబడిపోతాయి. పైగా ఒక ముంగిస ఆ చుట్టుపక్కలే తచ్చాడుతోంది. తండ్రి నెమలి సంగతంటారా, అది అడక్కండి. ఆకాశంలో మబ్బు కనిపిస్తే చాలు, పురి విప్పుకుని కొండెక్కేస్తాడు.

మాణిక్యమ్మకు ఆకలి దంచేస్తోంది. కొడుకును పిలిచింది.

"చంద్రం, మన మడిలో కలుపు పెరిగిపోయి ఉంటుంది. అది పీకేసి, నాకు ఇంత తోటకూర పట్టుకురా నాన్నా."

చంద్రం ఉత్సాహంగా పరిగెత్తాడు. మడి నిండా పచ్చగా ఉంది. అందులో ఏది పంట, ఏది కలుపు? తుంగ గడ్డి ఏపుగా, నిగనిగలాడుతూ ఉంది. ఇంత అందంగా ఉన్నదే పంట అనుకున్నాడు. తోటకూర, బెండ మొక్కలన్నీ వేళ్లతో సహా పీకి వాగులో పారేశాడు. తుంగ మోపు కట్టుకుని తల్లి దగ్గరికి వెళ్లాడు.

"అమ్మా, కలుపు ఒక్కటి కూడా లేకుండా పీకి వాగులో పారేశాను. ఇదిగో తోటకూర!"

"ఓరి నా తండ్రీ!" అని మాణిక్యమ్మ నెత్తి కొట్టుకున్నంత పని చేసింది. "ఇది తుంగరా! ఇన్నాళ్లూ ఆ రాయి మీద కూర్చుని ఏం చూశావురా?"

"నిన్ను చూశానమ్మా" అన్నాడు చంద్రం. "మొక్కను ముట్టుకోనివ్వలేదుగా."

మాణిక్యమ్మ తుంగ మోపును ముక్కుతో అవతలికి నెట్టేసింది. ఆ రోజంతా పస్తే. మర్నాటికి కళ్లు తిరిగాయి. తిండి వెతుక్కోవాలని సగం లేచింది. పొద అవతల ముంగిస తోక కనిపించి మళ్లీ కూర్చుంది.

చంద్రం ఏడుస్తూ తోటకు పరిగెత్తాడు. బుడంకాయ సంగతంతా విని ముందు కడుపుబ్బ నవ్వింది. ఆ తర్వాత ఒక తుంగ కాడ తుంచి ఇచ్చింది.

"నేనూ అట్లాగే పీకానులే. దీన్ని ముక్కుతో పట్టుకుని తిప్పు. మూడు అంచులు తగుల్తాయి. తోటకూర కాడ గుండ్రంగా ఉంటుంది. దాన్నీ తిప్పి చూడు."

"తగులుతున్నాయి! మూడు అంచులు!" అని చంద్రం గంతేశాడు.

"నా మడిలో కూర బోలెడుంది. మీ అమ్మకు కోసుకెళ్లు. నేను కోసివ్వను, నువ్వే కోసుకో."

చంద్రం మోకాళ్ల దాకా బురదలో దిగాడు. ఒక్కో కాడనూ తిప్పి చూసి కోశాడు. తల్లి ముందు కుప్ప పోశాడు. మాణిక్యమ్మ ఆ బురద కాళ్లను చూసి ఏదో అనబోయింది. కానీ ఆ మాట మింగేసి కూర తినసాగింది. పందులు పొర్లిన గుంటలో కూర అంత రుచిగా ఉంటుందని ఆవిడ అనుకోలేదు. గుడ్లు పిల్లలయ్యేదాకా ఆ మడే ఆవిడకు తిండి పెట్టింది.

కొత్త పిల్లలకు కాళ్లు నిలవగానే మాణిక్యమ్మ వాళ్లను తోటకు తీసుకొచ్చి మడిలోకి దింపింది. తను మాత్రం గట్టు మీద కూర్చుంది. ఒక పిల్ల గింజలు మింగింది. ఇంకొకటి మొలకను తొక్కింది. మరొకటి బురదలో వెల్లకిలా పడింది.

"అబ్బబ్బబ్బ! అట్లా కాదురా!" అని మాణిక్యమ్మ అరిచింది. కానీ లేవలేదు.

సూరమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "కష్టంగా ఉందా మాణిక్యం?" అని అడిగింది.

"గుడ్ల మీద కూర్చోవడమే నయం సూరమ్మా" అంది మాణిక్యమ్మ. ఇంకొంచెం గట్టిగా కాళ్లు ముడుచుకుని కూర్చుంది.

నీతి: పిల్లల పని మనమే చేసిపెడితే వాళ్లకు చూడటం ఒక్కటే వస్తుంది. పాడుచేసినా సరే, వాళ్ల చేత చేయిస్తేనే పని వస్తుంది.