కలం పట్టిన చెయ్యి

ముక్కు దగ్గరికి వచ్చేసరికి దామోదరం గీత మళ్ళీ వణికింది.

పొద్దుటి నుంచి అది ఏడో గుడ్డ. కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో తడిపి ఆరబెట్టిన గుడ్డ మీద కలంకారీ గీత ఒకసారి పడిందంటే ఇక చెరపడానికి ఉండదు. అమ్మవారి నుదుటి దగ్గర మొదలై, ముక్కు మీదుగా, పెదాలు దాటి గడ్డం దాకా ఒకే ఊపున దిగాలి. అతని చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. ఆగినచోట నల్ల రంగు చుక్కగా ఊరింది.

ఆ గుడ్డను కూడా మడిచి పక్కన పడేశాడు.

ఇంకో మూడు రోజుల్లో తిరుపతి స్టూడియోలో షూటింగు. బెంగుళూరులో ఒక పెద్ద బట్టల కంపెనీ అతని చీరలను తమ దుకాణాలన్నిటిలో పెడతామంది. ఒకటే షరతు. చీరల ఫోటోలతో పాటు, వాటిని గీసే మనిషి వీడియో కూడా కావాలన్నారు. అతని దుకాణం బోర్డు మీద ఉన్నది అతని పేరే. గీసేది కూడా అతనేనని వాళ్ళ నమ్మకం.

స్టూడియో నుంచి నిఖిత అనే అమ్మాయి ఫోనుకు ఒక జాబితా పంపింది. గళ్ళ చొక్కా వద్దు, కెమెరాలో అదిరినట్టు పడుతుంది. తెల్ల ఖద్దరు చొక్కాలు రెండు ఇస్త్రీ చేయించుకుని రండి. గోళ్ళు శుభ్రంగా ఉండాలి. చీరలు మడతలు పడకుండా కర్రకు చుట్టి తేవాలి. అతను అన్నీ చేశాడు. జాబితాలో లేకపోయినా జుట్టుకు రంగు వేయించుకున్నాడు. చివరిది మాత్రం మిగిలిపోయింది. సార్ చెయ్యి అమ్మవారి ముఖం గీస్తుండగా బాగా దగ్గర నుంచి తీస్తాం అని రాసింది ఆ పిల్ల.

అతను కలం పట్టక పదకొండేళ్ళయింది. మానేద్దామని ఏనాడూ అనుకోలేదు. మొదట బేరాలు చూసుకోవాల్సి వచ్చింది, తర్వాత ఎగ్జిబిషన్లు, ఆ తర్వాత ఎప్పుడూ చెవి దగ్గర ఫోను. షెడ్డులో పద్నాలుగు మంది ఆడవాళ్ళు గీస్తున్నారు. వాళ్ళకు నేర్పింది అతనే. చెయ్యి ఎక్కడికి పోతుందిలే అనుకున్నాడు. అది ఏ రోజు పోయిందో కూడా అతనికి తెలియలేదు.

ఈ ఆర్డరు రాకపోతే షెడ్డు మూసెయ్యాల్సిందే. ఆ సంగతి పద్నాలుగు మందికీ తెలుసు. అందుకే తలుపు గడియ పెట్టుకుని గీస్తున్నాడు.

మధ్యాహ్నం బస్సెక్కి కాళహస్తి వెళ్ళాడు.

అతనికి పని నేర్పిన చెంగల్రాయుడు వాకిట్లో చాప మీద కూర్చుని ఉన్నాడు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, వెలుగున్నంతసేపూ గీస్తూనే ఉంటాడు. దామోదరం ఆయన్ని చూసి నాలుగేళ్ళు దాటింది.

"ఎవరూ, దామూనా? చిక్కిపోయినావే" అన్నాడు పెద్దాయన.

బస్సులో అనుకుంటూ వచ్చిన మాటలేవీ దామోదరం నోటికి రాలేదు.

"అయ్యా, నాకు మీ చెయ్యి కావాల" అన్నాడు.

తర్వాత అంతా చెప్పాడు. మొహం తనది తీస్తారు, చెయ్యి ఈయనది తీస్తారు. మణికట్టు దగ్గర నుంచే కనపడుతుంది. చూసేవాళ్ళకు తెలియదు. పద్నాలుగు కుటుంబాల సంగతి. చెబుతుంటే తన గొంతు తనకే ఎవరిదో అన్నట్టు వినిపించింది. పెద్దాయన తిడితే బాగుండునని ఎదురుచూశాడు. పొమ్మన్నా బాగుండును.

చెంగల్రాయుడు చేతిలో కలాన్ని కడిగి, నీళ్ళు విదిలించి పక్కన పెట్టాడు.

"ఎన్ని గంటలకు రావాల?" అన్నాడు.

షూటింగు రోజు స్టూడియోలో నిఖితకు విషయం చెప్పడానికి దామోదరం నీళ్ళు నమిలాడు. ఆ పిల్ల మాత్రం తేలిగ్గా తీసుకుంది. "పర్లేదు సార్, వంటల షూటింగుల్లో రోజూ ఇదే చేస్తాం" అంది.

దామోదరం రెండో చొక్కాను పెద్దాయనకు తొడిగారు. చొక్కా చేతులు పొడుగైతే లోపలికి మడిచి పిన్నులు పెట్టారు. చెయ్యి మరీ ముసలిగా ఉందని నిఖిత పౌడరు డబ్బా తెచ్చింది. గాజులు తొడిగించుకునే వాళ్ళలా చెంగల్రాయుడు చెయ్యి చాపి కూర్చున్నాడు. నరాలు, మచ్చలు, వేళ్ళ సందుల్లో ఇంకిన నల్ల రంగు, ఒక్కొక్కటీ పౌడరు కింద మాయమయ్యాయి. దామోదరం గోడ వైపు తిరిగాడు.

దీపాలు వెలిగాయి. కలం గుడ్డను తాకింది. నుదురు, ముక్కు, పెదాలు, గడ్డం. ఎక్కడా ఆగలేదు.

"ఒక్కసారికే అయిపోయిందే!" అంది నిఖిత.

పెద్దాయన లేచి దామోదరానికి చోటిచ్చాడు. చాప ఇంకా వెచ్చగా ఉంది.

"సార్, కలం ఊరికే పట్టుకోండి. గుడ్డకు తగలనివ్వద్దు. కొంచెం నవ్వండి. అట్లా కాదు సార్, సొంతంగా గీసినట్టు నవ్వండి."

నాలుగోసారికి వాళ్ళకు కావాల్సిన నవ్వు వచ్చింది.

అతను బయటికి వచ్చేసరికి చెంగల్రాయుడు కుళాయి దగ్గర పౌడరు కడుక్కుంటున్నాడు. చొక్కా విప్పి మడిచి గోడ మీద పెట్టాడు. ఎండెక్కక ముందే పోతానని చెప్పి బస్టాండు వైపు నడిచాడు.

పది రోజులకు వీడియో వచ్చింది. బెంగుళూరు వాళ్ళకు బాగా నచ్చింది. ఎనిమిది నెలలకు సరిపడా పని ఇచ్చారు. షెడ్డులో ఆడవాళ్ళంతా ఫోనును కిటికీకి ఆనించి చుట్టూ మూగారు. తాము గీసిన చీరలు కనపడగానే చప్పట్లు కొట్టారు. సారు జుట్టు చూసి నవ్వారు.

అప్పుడు చెయ్యి కనపడింది. అమ్మవారి ముఖం ఒక్క గీతలో దిగింది.

నవ్వులు ఆగిపోయాయి. గీత చూసి గీసిందెవరో చెప్పగలిగిన వాళ్ళు వాళ్ళు. అది దామోదరం చెయ్యి కాదు.

వాళ్ళలో పెద్దది సలోమి. ఆమె ఫోను తీసి అతని చేతికిచ్చింది. "బాగా తీసినారు సార్" అంది, అతని మొహం వైపు చూడకుండా. అందరూ ఎవరి గుడ్డ ముందుకు వాళ్ళు వెళ్ళిపోయారు.

ఆ రోజు గాని, ఆ వారమంతా గాని ఎవరూ ఏమీ అడగలేదు. ఎప్పటిలాగే సార్ అని పిలిచారు. అతను మాత్రం షెడ్డులో కూర్చోలేకపోయాడు. లోపలికి వెళితే ఎవరి ఇంట్లోకో చెప్పకుండా దూరినట్టుండేది.

మళ్ళీ కాళహస్తి వెళ్ళాడు. వాకిట్లోనే నిలబడ్డాడు.

"వాళ్ళకు తెలిసిపోయిందయ్యా."

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదు."

చెంగల్రాయుడు చాప మీద పక్కకు జరిగాడు. ఖాళీ గుడ్డ ఒకటి పరిచాడు. తన కలాన్నే రంగులో ముంచి అతని వైపు చాపాడు.

"నా వల్ల కాదయ్యా. అది పోయింది."

"గియ్యి."

"గుడ్డ పాడైపోతాది."

"గియ్యి."

దామోదరం కూర్చున్నాడు. నుదుటి దగ్గర మొదలుపెట్టాడు. ముక్కు దగ్గర చెయ్యి వణికింది. పక్కన ఆయన ఉన్నాడు గనక ఆపలేక, అట్లాగే కిందికి లాగాడు. పెదాలు ఒక పక్కకు పోయాయి. గడ్డం ఎక్కడో తేలింది. ఏ అమ్మవారికీ అలాంటి ముఖం ఉండదు. చూస్తుంటే అతనికి ఏడుపొచ్చింది.

మడిచి పడెయ్యబోయాడు. పెద్దాయన ఆ గుడ్డను తన వైపు లాక్కున్నాడు. కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, నుదుటి నుంచి గడ్డం దాకా వేలితో తడుముతూ చూశాడు.

"ఇది నీ చెయ్యే, దామూ" అన్నాడు.