చేపలు లోతుకి దిగిన ఏడు

అనగనగా చాలా దూరాన, చలిగాలులు వీచే ఒక దీవి ఉండేదట. అక్కడి రాళ్ళ మీద సీళ్ళు కాపురం ఉండేవట. సీల్ అంటే తెలుసుగా బంగారూ, కుక్కపిల్లలాంటి ముఖం, చేపలాంటి ఈత. నీళ్ళలో ఎంత మునిగినా, ఊపిరి మాత్రం మనలాగే పైకొచ్చి పీల్చుకోవాలి.

అందులో ముత్తెమ్మ అని ఒకావిడ. ఆవిడకి బుడిగి అని పాలుతాగే కూతురు. ముత్తెమ్మ ఒడ్డు దగ్గరే మునిగి, కడుపునిండా చేపలు తిని, వచ్చి పాలిచ్చేది.

ఒక ఏడు సముద్రంలో పైనీళ్ళు వెచ్చబడ్డాయి. అప్పుడు ముత్తెమ్మ ఎప్పటిచోటే మునిగింది. ఒక్క చేపా లేదు. ఆ తర్వాత ఇంకాస్త లోతుకి వెళ్ళింది. వేలెడేసి చేపపిల్లలు దొరికాయి గానీ, తిన్న తిండి ఈదిన అలుపుకే చాల్లేదు. పాలు తగ్గాయి. బుడిగి డొక్కలు లోపలికి పోయాయి.

పక్కరాయి మీద ఒక ముసలి సీల్ ఉంది, ముత్తెమ్మకి వరసకి పెద్దమ్మ. తన చిన్నప్పుడూ ఒకసారి ఇలాగే అయిందని చెప్పింది. "చేపలకి చల్లనీళ్ళు కావాలే అమ్మాయ్. చల్లదనం ఎక్కడుందో వెతుక్కో. అవీ అక్కడే ఉంటాయి" అంది.

అది ఎంత దూరమో ఎవరికి తెలుసు? పిల్లని వదిలి వెళ్ళాలి. వెళ్ళకపోతే పాలుండవు. ముత్తెమ్మ బుడిగిని పెద్దమ్మ పక్కన పడుకోబెట్టి బయల్దేరింది.

ఈదగా ఈదగా మీసాలకి చల్లగా తగిలింది. అప్పుడు మునిగింది. వెలుగు పోయింది. చీకట్లో చేపల గుంపు కదలడం మీసాలకి తెలిసింది. ఇంకాస్త దిగితే నోటికందుతాయి. కానీ ఊపిరి అయిపోవస్తోంది.

'నేను పైకి రాకపోతే దానికెవరున్నారు?' అనుకుంది. ఆకలి ఆకలిగానే వెనక్కి తిరిగింది.

పైకొచ్చి, తేలుతూ, చాలాసేపు ఊపిరి పీల్చుకుంది. ఆ తర్వాత మళ్ళీ మునిగింది. ఈసారి దారి తెలుసు కదా, తిన్నగా దిగి కడుపునిండా తింది.

తిరిగొచ్చేసరికి ఒడ్డునిండా పిల్లలే, బుడిగీ వాటిలో కలిసిపోయింది, అన్నీ ఒకేలా ఉన్నాయి. ముత్తెమ్మ పిలిచింది. ఒక సన్నని గొంతు పలికింది. వాసన చూసుకుని, పక్కకి ఒరిగి పాలిచ్చింది.

తాగడం ఆపి బుడిగి అడిగింది, "మళ్ళీ వెళ్ళిపోతావా అమ్మా?"

ముత్తెమ్మ అబద్ధం చెప్పలేదు. "వెళ్ళొస్తానమ్మా" అంది.

బుడిగి కాసేపు అమ్మ ముఖంలోకి చూసింది. ఆ తర్వాత మళ్ళీ పాలు తాగింది.

కథ కంచికి,
కునుకు నీ కంటికి.